బుతా నో కాకుని: జపాన్ పద్ధతిలో పంది మాంసాన్ని ఇంట్లో నెమ్మదిగా ఉడికించి వండడం ఎలా

పంది పొట్ట భాగపు మాంసాన్ని పెద్ద పెద్ద చదరపు ముక్కలుగా కోసి, సోయా సాస్, పంచదార, అల్లం, బియ్యంతో చేసే సాకే అనే మద్యం కలిపిన రసంలో చాలాసేపు ఉడికించే వంటకాన్ని జపాన్‌లో బుతా నో కాకుని అంటారు. బాగా కుదిరిన కాకుని ముక్క తినడానికి వాడే పుల్లలతో (చాప్‌స్టిక్‌లతో) మెల్లగా నొక్కగానే విడిపోవాలి, అయినా గిన్నెలో ఉన్నంతసేపు దాని అంచులు చెదరకూడదు. కొవ్వు నోట్లో కరగాలి కాని నాలుకకు జిడ్డు అంటకూడదు. ఈ రెండూ కుదరాలంటే వంటను రెండు విడతలుగా చేయాలి. మొదటి విడతలో ఉప్పు గాని తీపి గాని లేని నీళ్లలో మాంసం పూర్తిగా మెత్తబడాలి. రుచులన్నీ రెండో విడతలోనే చేరాలి. మన కూరలలో మాంసానికి ముందే ఉప్పు, పసుపు, కారం పట్టించి, చివరికి నూనె పైకి తేలితే కూర దగ్గరపడిందని గుర్తు పెట్టుకుంటాం. ఇక్కడ క్రమం పూర్తిగా తిరగబడుతుంది: రుచులు తరువాత వస్తాయి, తేలిన కొవ్వును తీసి పక్కన పెడతాం. ఈ తేడాను మనసులో ఉంచుకుంటే మిగిలిన పనంతా ఓపికతో జరిగిపోతుంది.

ఈ వంటకానికి నాగసాకి నగరంతో దగ్గరి సంబంధం ఉంది. విదేశీయుల రాకపోకలను జపాన్ గట్టిగా కట్టడి చేసిన కాలంలో చైనా వర్తకులకు, డచ్చి వర్తకులకు తెరచి ఉంచిన రేవు నాగసాకి. 1689 నాటికి అక్కడ చైనీయుల కోసం ప్రత్యేకమైన నివాస ప్రాంతాన్ని కట్టారు. వారి వంటలు, జపాన్ వంటలు, ఐరోపా వంటలు కలిసి షిప్పోకు అనే విందు పద్ధతి ఏర్పడింది. గుండ్రని బల్ల చుట్టూ అందరూ కూర్చుని ఒకే పళ్లెంలోనుంచి వడ్డించుకునే ఆ విందులో కాకుని ముఖ్యమైన వంటకం. దీని మూలం సోంగ్ రాజవంశ కాలపు చైనా కవి సు తోంగ్‌పో (1037-1101) పేరు మీద ప్రసిద్ధమైన పంది మాంసపు వంటకంలో ఉంది. చైనా వంటకంలో తరచుగా కనిపించే చక్రపువ్వు వంటి సుగంధ ద్రవ్యాలు జపాన్ ఇళ్లలో దాదాపు వాడరు. అల్లం, ఉల్లికాడలు మాత్రమే వేస్తారు. కాబట్టి గరం మసాలా గాని, కనీసం ఒక లవంగం గాని వేయాలనిపించినా ఆగండి. ఇందులో మాంసం రుచే ముందుండాలి.

కావలసినవి

నలుగురికి సరిపోయే వంటకు 1 కిలో పంది పొట్ట భాగపు మాంసం, 50 గ్రాముల అల్లం, 5 ఉల్లికాడల ఆకుపచ్చని భాగం, 150 మి.లీ. సాకే, 75 మి.లీ. మిరిన్, 50 గ్రాముల పంచదార, 100 మి.లీ. జపాన్ రకం సోయా సాస్, 4 కోడిగుడ్లు, ఒక మధ్యరకం తెల్ల ముల్లంగి కావాలి. వీటితోపాటు 10 గ్రాముల కొంబు అనే ఎండిన సముద్రపు నాచు, 4 ఎండు షీటాకే పుట్టగొడుగులు, మొదటి ఉడుకుకు రెండు మూడు లీటర్ల బియ్యం కడిగిన నీళ్లు సిద్ధం చేసుకోండి.

మిరిన్ కూడా బియ్యంతో చేసే తియ్యని వంట మద్యమే. సాకే, మిరిన్ దొరకనివారు చైనా వంటలలో వాడే షావోషింగ్ బియ్యపు మద్యాన్ని వాడుకోవచ్చు, అయితే రుచి కాస్త చైనా వంటకం వైపు మొగ్గుతుంది. మద్యం అసలే వద్దనుకునేవారు వాటికి బదులు అంతే కొలత నాచు నీళ్లు పోసి, పంచదారను మరో రెండు టీస్పూన్లు పెంచి, అల్లం కొంచెం ఎక్కువ వేయండి. రుచి లోతు కొంత తగ్గినా మెత్తదనంలో లోటు రాదు.

సోయా సాస్ విషయంలో మాత్రం సర్దుకోవద్దని గట్టిగా చెబుతాను. మన దుకాణాలలో ఫ్రైడ్ రైస్ కోసం అమ్మే చిక్కని నల్ల సోయా సాస్‌లలో చాలావాటికి రంగు కోసం కారమెల్ కలుపుతారు. గంటకు పైగా ఉడికేసరికి వాటిలో చేదు తేలుతుంది, రంగు తారులా మారుతుంది. సోయా చిక్కుళ్లు, గోధుమలు, ఉప్పు, నీళ్లతో సహజంగా పులియబెట్టినట్టు సీసా మీద రాసి ఉన్నదాన్ని ఎంచుకోండి. కిక్కోమన్ వంటివి పెద్ద నగరాల సూపర్ మార్కెట్లలోనూ, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి.

మాంసం ఎంచుకోవడం

పంది పొట్ట భాగంలో కొవ్వు, కండ పొరలు పొరలుగా ఉంటాయి. జపాన్ దక్షిణ కొసన ఉన్న ఒకినావా దీవులలో దీన్ని మూడు పొరల మాంసం అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. దుకాణంలో పొట్ట భాగాన్ని కోయకుండా ఒకే చెక్కగా ఇమ్మని అడగండి. కూర ముక్కల పరిమాణంలో కొట్టి ఇచ్చిన మాంసం ఈ వంటకు పనికిరాదు. కండ లేత గులాబీ రంగులో, కొవ్వు తెల్లగా, గట్టిగా ఉండాలి. వేలితో తాకితే జిగురుగా ఉన్నా, పుల్లని వాసన వచ్చినా తీసుకోవద్దు. కండలో బియ్యపు గింజంత తెల్లటి నీటి తిత్తులు కనిపిస్తే అవి బద్దెపురుగు పిల్ల దశకు చెందినవి కావచ్చు కాబట్టి ఆ మాంసాన్ని అక్కడే వదిలేయండి. ఈ వంటలో మాంసం రెండు మూడు గంటలు ఉడుకుతుంది గనుక లోపలిదాకా ఉడకదన్న భయం అక్కర్లేదు. కాని పచ్చి మాంసం కోసిన కత్తిని, పలకను సబ్బుతో కడగకుండా ఉల్లికాడలకు గాని, ముల్లంగికి గాని వాడకూడదు.

జపాన్ ప్రధాన ద్వీపాలలో సాధారణంగా తోలు తీసిన మాంసాన్నే వాడతారు, ఒకినావాలో తోలుతో వండుతారు. మన దగ్గర తోలుతో వచ్చే మాంసాన్ని చాలాచోట్ల వెంట్రుకలు పోవడానికి మంటతో కాలుస్తారు. ఆ కమురు వాసన రసంలోకి దిగితే ఇక పోదు. అందువల్ల తోలు ఉంచుకోదలిస్తే కత్తి వెనుక అంచుతో నల్లటి భాగమంతా గోకి, గోరువెచ్చని నీళ్లతో రెండుసార్లు కడగండి. గడ్డకట్టించిన మాంసమైతే ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లోకి మార్చి నెమ్మదిగా కరగనివ్వాలి.

మొదటి ఉడుకు

ఈ పనిని ముందురోజు సాయంత్రం పెట్టుకోండి. 1 కిలో చెక్కను గిన్నెలో పట్టేలా రెండు పెద్ద భాగాలు చేస్తే చాలు. ఇప్పుడే చిన్న ముక్కలుగా కోస్తే ఉడికేటప్పుడు ముడుచుకుపోయి ఆకారం చెడుతుంది. అడుగు మందంగా ఉన్న పెనాన్ని వేడిచేసి, నూనె వేయకుండా, కొవ్వు వైపు కిందికి వచ్చేలా మాంసాన్ని పెట్టి, ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు ఎర్రబడేదాకా కాల్చండి. ఇలా కాల్చడం వల్ల రసం లోపలే బంధించబడుతుందని చాలామంది నమ్ముతారు గాని అది నిజం కాదు. కాల్చిన పైపొరకు వచ్చే సువాసన కోసం, కొంత కొవ్వు ముందే వదిలించడం కోసం ఈ పని చేస్తాం. పెనంలో చేరిన కొవ్వును వంచేయండి.

కాల్చిన మాంసాన్ని లోతైన గిన్నెలో పెట్టి, దాని మీద మూడు సెంటీమీటర్ల ఎత్తు వరకు బియ్యం కడిగిన నీళ్లు పోయండి. జపాన్ ఇళ్లలో పంది మాంసాన్ని ముందుగా ఉడికించడానికి ఈ నీళ్లను, లేదా సోయా పాలు తీయగా మిగిలిన పిప్పిని వాడడం పాత అలవాటు. వీటిలోని పిండి పదార్థం నీచువాసనను, కొంత కొవ్వును పట్టుకుంటుంది. మన దగ్గర దొరికే మాంసానికి ఒక్కోసారి వాసన ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఈ పద్ధతినే నేను మెచ్చుకుంటాను. మాంసం చాలా తాజాగా ఉండి, ఉడికిన నీళ్లను సూప్‌కు వాడుకోవాలనుకుంటే మాత్రం మామూలు నీళ్లు పోసుకోండి. 50 గ్రాముల అల్లంలో సగాన్ని తొక్కతోనే చక్రాలుగా కోసి, ఉల్లికాడల ఆకుపచ్చని భాగంతోపాటు వేసి, ఉప్పు వేయకుండా పెద్ద మంట మీద పొంగు రానివ్వండి. పైకి వచ్చే తెట్టును చిల్లుల గరిటతో తీసేయండి.

ఆ తరువాత మంట బాగా తగ్గించాలి. ఈ వంట అంతటిలో నిర్ణాయకమైన విషయం ఇదే. నీళ్లు తెర్లకూడదు. గిన్నె అంచున అక్కడొకటి ఇక్కడొకటి బుడగ పైకి వస్తూ, నీటి ఉపరితలం కొద్దిగా కదులుతూ ఉంటే చాలు. పొట్ట భాగంలో కండ పొరలను పట్టి ఉంచే కొలాజెన్ అనే పదార్థం 70 డిగ్రీల సెల్సియస్ దాటాక నెమ్మదిగా కరిగి జెలటిన్‌గా మారుతుంది. ముక్కకు ఆ మెత్తదనం, రసానికి ఆ చిక్కదనం దానివల్లే వస్తాయి. ఈ మార్పుకు వేడి కన్నా సమయం ఎక్కువ అవసరం. మంట పెంచి త్వరగా ముగించాలని చూస్తే కండ పీచులు బిగుసుకుని తేమను వదిలేస్తాయి, కొవ్వు మాత్రం కరిగిపోతుంది. చివరికి ఎండిన పీచు మిగులుతుంది. సన్నని సెగ మీద రెండు గంటలు ఉంచండి. నీళ్లు తగ్గి మాంసం బయటపడుతుంటే చన్నీళ్లు కాక వేణ్ణీళ్లు పోయండి, ఎందుకంటే గాలి తగిలిన భాగం నల్లబడి గట్టిపడుతుంది. వెదురు పుల్లతో మధ్యలో గుచ్చితే ఎక్కడా అడ్డు తగలకుండా దిగాలి. కండ పొర దగ్గర పుల్ల ఆగితే మరో అరగంట ఉంచండి. ఇక్కడ గడియారాన్ని కాక పుల్లను నమ్మండి, ఎందుకంటే ఈ దశలో మెత్తబడని మాంసం ఉప్పు, తీపి చేరిన రసంలో మెత్తబడడానికి ఇంకా ఎక్కువ మొరాయిస్తుంది.

పొయ్యి ఆర్పాక మాంసాన్ని బయటికి తీయకుండా ఆ నీళ్లలోనే చల్లారనివ్వండి. ఎండాకాలంలో గిన్నెను చన్నీళ్లు నిండిన పళ్లెంలోనో టబ్బులోనో పెట్టి త్వరగా చల్లార్చి, రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. అదే రాత్రి మరో గిన్నెలో 1 లీటరు మంచినీళ్లు పోసి, కొంబు నాచును, ఎండు పుట్టగొడుగులను అందులో వేసి ఫ్రిజ్‌లో ఉంచండి. తెల్లవారేసరికి ఆ నీళ్లకు చక్కటి రుచి దిగుతుంది. ఈ నాచులోని రుచికి మూలం గ్లూటమేట్ అని 1908లో టోక్యో శాస్త్రవేత్త కికునాయే ఇకెదా కనిపెట్టి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. పుట్టగొడుగులలో ఉండే మరో పదార్థం గ్లూటమేట్‌తో కలిసినప్పుడు ఆ రుచి ఇంకా బలపడుతుంది కాబట్టే రెండింటినీ కలిపి నానబెడుతున్నాం.

కొవ్వు తీయడం, కోయడం

మర్నాడు గిన్నె మీద కొవ్వు తెల్లని పలకలా గడ్డకట్టి ఉంటుంది. దాన్ని చెంచాతో ఎత్తి తీసేయండి. ఈ ఒక్క పని వల్ల కాకుని తిన్నాక కడుపు బరువెక్కకుండా ఉంటుంది గనుక, అన్నీ ఒకే రోజు ముగించాలన్న తొందరలో దీన్ని వదిలేయవద్దు. మామూలు నీళ్లలో ఉడికించి ఉంటే ఆ కొవ్వును సీసాలో దాచి కూరగాయలు వేయించడానికి వాడుకోవచ్చు. బియ్యం కడిగిన నీళ్లయితే కొవ్వును, నీళ్లను రెండింటినీ పారేయాలి. మాంసాన్ని గోరువెచ్చని నీళ్లలో మెల్లగా కడిగి పిండిని వదిలించండి. చల్లని మాంసం గట్టిగా ఉంటుంది గనుక పదునైన కత్తితో నిటారుగా, ఒకే ఊపులో, 5 సెంటీమీటర్ల చదరాలుగా కోస్తే పొరలు విడిపోవు.

రెండో ఉడుకు

ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా ఒకే వరుసలో సరిపోయే వెడల్పాటి గిన్నె తీసుకోండి. గిన్నె మరీ పెద్దదైతే రసం పలచబడుతుంది. ముక్కలను కొవ్వు వైపు పైకి వచ్చేలా సర్ది, వడకట్టిన నాచు నీళ్లు 700 మి.లీ., సాకే, మిరిన్, పంచదార, మిగిలిన అల్లం, నానిన పుట్టగొడుగులు వేసి మధ్యరకం మంట మీద పెట్టండి. పొంగు వచ్చాక రెండు నిమిషాలు మూత లేకుండా ఉంచితే మద్యం ఘాటు పోతుంది. ఆ తరువాత సన్నని సెగ మీద 20 నిమిషాలు తీపిలోనే ఉడకనివ్వండి. సోయా సాస్ ఇప్పుడే వేయకూడదు. తీపి ముందు, ఉప్పు తరువాత, సోయా సాస్ ఆ తరువాత అన్న క్రమం జపాన్ వంటలో ప్రతి ఒక్కరూ మొదట నేర్చుకునే నియమం. ముక్కకు తీపి నెమ్మదిగా పడుతుంది, ఉప్పు త్వరగా పడుతుంది.

20 నిమిషాల తరువాత 60 మి.లీ. సోయా సాస్ పోసి, ముక్కల మీద నేరుగా కూర్చునే మూత పెట్టండి. జపాన్‌లో దీనికి ఒతోషిబుతా అనే చెక్క మూత ఉంటుంది. అది గిన్నె నోటి కన్నా కాస్త చిన్నదిగా ఉండి లోపలికి దిగి ముక్కలను కదలనివ్వదు. పైకి వచ్చిన రసం దానికి తగిలి మళ్లీ ముక్కల మీదికి జారుతుంది కాబట్టి, తక్కువ రసంలోనే అన్ని వైపులా రుచి పడుతుంది, గరిటతో కలిపే అవసరం రాదు. మన ఇంట్లో బేకింగ్ కాగితాన్ని గిన్నె లోపలి కొలతకు గుండ్రంగా కత్తిరించి, మధ్యలో రూపాయి నాణెమంత రంధ్రం చేసి, ముక్కలకు ఆనేలా పరిస్తే అదే పని చేస్తుంది. అల్యూమినియం రేకు కన్నా కాగితమే మేలు, ఎందుకంటే సోయా సాస్‌లోని ఉప్పు రేకును తినేసే అవకాశం ఉంది.

ఇలా 40 నిమిషాలు సన్నని సెగ మీద ఉంచండి. ఈలోగా ముల్లంగిని 3 సెంటీమీటర్ల మందం చక్రాలుగా కోసి, లోపలి పీచు తొక్క పోయేలా మందంగా చెక్కు తీసి, అంచులను కొద్దిగా గుండ్రంగా చెక్కండి. అంచు పదునుగా ఉంటే ఉడికేటప్పుడు ముందు అదే విరుగుతుంది. వాటిని బియ్యం కడిగిన నీళ్లలో 20 నిమిషాలు విడిగా ఉడికిస్తే ఘాటు, చేదు పోతాయి. ఎండాకాలపు ముల్లంగికి ఇది తప్పనిసరి. ఉడికిన చక్రాలను మాంసం పక్కన జార్చి చివరి 20 నిమిషాలు కలిసి ఉడకనివ్వండి. గుడ్లను మరిగే నీళ్లలో 8 నిమిషాలు ఉంచి, చన్నీళ్లలో వేసి పెంకు తీసి పక్కన పెట్టుకోండి.

చివరగా కాగితం తీసి, మిగిలిన 40 మి.లీ. సోయా సాస్ పోసి, మంట కొంచెం పెంచి, గరిటతో రసాన్ని ముక్కల మీద పోస్తూ 10 నిమిషాలు ఉంచండి. రసం చెంచా వెనుక పలచని పూతలా నిలిచి మెరవాలి, పాకంలా సాగకూడదు. ఈ దశలో రుచి చూస్తే ఉప్పు కాస్త ఎక్కువగా అనిపించవచ్చు గాని అన్నంతో తినేటప్పుడు అది సరిపోతుంది.

పొయ్యి ఆర్పి గుడ్లను రసంలో ముంచి, కనీసం గంటసేపు ముట్టుకోవద్దు. వేడి తగ్గుతున్నప్పుడే రుచి ముక్క లోపలికి దిగుతుంది. అప్పుడే తీసిన కాకునికి, చల్లార్చి తిరిగి వేడిచేసిన కాకునికి తేడా మొదటి ముద్దలోనే తెలుస్తుంది. వీలుంటే మరో రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి మూడో రోజున వడ్డించండి.

వడ్డన

లోతైన చిన్న గిన్నెలో మనిషికి రెండు మూడు ముక్కలు, ఒక ముల్లంగి చక్రం, సగానికి కోసిన గుడ్డు పెట్టి, రెండు గరిటెల రసం పోసి, ఉడికించి పిండిన పాలకూరను పక్కన ఉంచండి. గిన్నె అంచున కరాషి అనే ఆవముద్దను శనగగింజంత పెట్టడం ఆచారం. ఇది మన ఆవాలతోనే చేసుకోవచ్చు, ఎందుకంటే మనం పోపుకు, ఆవకాయకు వాడే చిన్న ఆవాలు, కరాషి చేసే ఆవాలు ఒకే జాతి మొక్కవి. రెండు చెంచాల ఆవపిండిలో గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ గట్టిగా కలిపి, 10 నిమిషాలు మూత పెట్టి ఉంచితే ముక్కులోకి ఎక్కే ఘాటు వస్తుంది. మరిగే నీళ్లు పోస్తే ఆ ఘాటు పుట్టదు. కొవ్వు మాంసానికి ఈ ఘాటు ఎంత అవసరమో ఒకసారి తిని చూస్తే అర్థమవుతుంది. జపాన్ రకం పొట్టి బియ్యం లేకపోతే సోనామసూరి అన్నాన్ని మామూలు కన్నా కాస్త మెత్తగా వండుకోండి. పొడిపొడిగా ఉండే బాస్మతి ఈ రసాన్ని పట్టుకోదు.

కుక్కరు, మరికొన్ని పద్ధతులు

సమయం తక్కువైతే మొదటి ఉడుకును ప్రెషర్ కుక్కరులో చేయవచ్చు. జపాన్ ఇళ్లలోనూ చాలామంది అలాగే చేస్తారు. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి 30 నిమిషాలు ఉంచి, ఆవిరిని బలవంతంగా వదలకుండా దానంతట అదే దిగనివ్వండి. ఒక్కసారిగా ఒత్తిడి తగ్గితే లోపల నీళ్లు తెర్లి మాంసం పీచులుగా విడిపోతుంది. రెండో ఉడుకును మాత్రం కుక్కరులో చేయవద్దు, ఎందుకంటే మూత బిగించాక రసం ఎంత చిక్కబడిందో కనిపించదు.

ఒకినావాలో ఇలాంటి వంటకాన్నే రాఫుతే అంటారు. ఒకప్పటి ర్యూక్యూ రాజ్యపు వంటలలో అది పేరున్నది. తోలు తీయని మాంసం, సాకేకు బదులు అక్కడి అవామోరి అనే బియ్యపు సారా, పంచదారకు బదులు చెరకు రసాన్ని కాచి చేసే నల్ల చక్కెర దాని ప్రత్యేకతలు. ఆ నల్ల చక్కెరకు మన నల్ల బెల్లం చాలా దగ్గరగా ఉంటుంది కాబట్టి, పై కొలతలలో పంచదార తీసేసి 60 గ్రాముల బెల్లాన్ని ముందుగా కాస్త నీటిలో కరిగించి, ఇసుక లేకుండా వడకట్టి పోయండి. నాకు పంచదార వంటకం కన్నా ఈ బెల్లపు వంటకమే ఎక్కువ ఇష్టం. దక్షిణ జపాన్‌లోని కగోషిమాలో పొట్ట భాగానికి బదులు పక్కటెముకల మాంసాన్ని షోచూ అనే సారా, మిసో అనే పులియబెట్టిన సోయా ముద్ద, నల్ల చక్కెరతో ఉడికిస్తారు. మిసో వాడేటప్పుడు సోయా సాస్‌ను సగానికి తగ్గించాలి.

మిగిలిన కాకునిని రసంలో మునిగి ఉండేలా మూత ఉన్న డబ్బాలో పెడితే ఫ్రిజ్‌లో మూడు రోజులు నిలుస్తుంది. తిరిగి వేడిచేసేటప్పుడు రెండు చెంచాల నీళ్లు చేర్చి, మూతపెట్టి, సన్నని సెగ మీద లోపలిదాకా బాగా కాగనివ్వాలి. ఫ్రీజర్‌లో నెల రోజుల దాకా ఉంచుకోవచ్చు గాని, అప్పుడు గుడ్లను, ముల్లంగిని ముందే తీసేయండి. గడ్డకట్టి కరిగాక గుడ్డు తెల్లసొన రబ్బరులా మారుతుంది, ముల్లంగి నీరు కారి పీచుగా మిగులుతుంది.